మంగళవారం వెలిగే ఇంజన్ బుగ్గ

పోయిన ఏడాది ఒక ఐటీఐ వాళ్లు నన్ను పిలిచారు. మెకానిక్ కోర్సులో కొత్తగా చేరిన పిల్లలకు నా అనుభవాలు చెప్పమన్నారు. "మీ ఇష్టం సార్, ఎంతసేపైనా మాట్లాడండి" అని ఫోన్‌లో అన్నారు. తీరా వెళ్లాక ఐదు నిమిషాలు ఇచ్చారు. నాలుగో నిమిషంలో ముఖ్య అతిథి గడియారం చూసుకున్నాడు. వెంటనే ఒకాయన వచ్చి నా చేతిలోంచి మైకు తీసుకున్నాడు. అడగలేదు, ఊరికే తీసుకున్నాడు. ఆ తర్వాత అతిథి లేచి, పాతకాలపు మెకానిక్కులతో ఇక పని లేదని, కంప్యూటర్ తగిలిస్తే కారు జబ్బేమిటో అదే చెబుతుందని నలభై నిమిషాలు మాట్లాడాడు. తన కారు బానెట్ ఎక్కడ నొక్కితే తెరుచుకుంటుందో ఆయనకు తెలుసా అని నాకు ఇప్పటికీ అనుమానమే.

నా మాట సగంలో ఆగింది. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. ఇక్కడ మైకు లాక్కునేవాళ్లు లేరు.

జగిత్యాలలో ఎనిమిదేళ్లు పని నేర్చుకుని, కోరుట్లలో ముప్పై ఏళ్లు షెడ్డు నడిపాను. మోకాళ్లు వంగడం మానేశాక షట్టర్ దించేశాను. సన్మానాల గురించి రాయను. జరగలేదు కాబట్టి రాయడానికీ ఏమీ లేదు. ఎక్కువగా ఒక్క కారు గురించే రాస్తాను. డ్యాష్‌బోర్డు మీద ఇంజన్ బొమ్మతో పసుపుపచ్చగా వెలిగే దీపం ఉంటుంది కదా, దాన్ని మా వైపు ఇంజన్ బుగ్గ అంటాం. బల్బును బుగ్గ అనడం మా అలవాటు. ఆ కారులో ఆ బుగ్గ ఆరితే మల్లేశం అనే మనిషి పెళ్లాం బిడ్డల దగ్గర ఉంటాడు. ఆరకపోతే మళ్లీ గల్ఫ్ విమానం ఎక్కుతాడు. ఆ వారం నా షెడ్డులో ఉన్నది ఉత్త కారు కాదు.

అడగడం నేర్పినవాడు

మల్లేశం దగ్గరికి వెళ్లే ముందు ఇద్దరి గురించి చెప్పాలి. వాళ్లు లేకపోతే ఆ కారు నాకు అర్థమయ్యేది కాదు.

మొదటివాడు జగిత్యాలలో నా ఉస్తాద్, ఖాదర్ సాబ్. నేను పదో తరగతి దాకా చదివానని నన్ను జీవితమంతా "పంతులూ" అని పిలిచాడు. ప్రేమతో కాదు. ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా ఎల్లయ్యా అని నా పేరు పెట్టి పిలవలేదు. అది నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. కానీ పని విషయంలో ఆయన చెప్పిన ఒక మాట మాత్రం కాదనలేను.

ఒకసారి కారు రాగానే పానా పట్టుకుని బానెట్ కిందికి దూరాను. ఆయన నా చొక్కా పట్టి బయటికి లాగాడు.

"అరే పంతులూ! డ్రైవర్ నిలవడి ఉన్నడు గదా. ముందు నోటితోని అడుగు. చెవుతోని ఇను. గప్పుడు పానా పట్టు. కారుకు నోరు లేదురా, డ్రైవర్‌కు ఉన్నది."

ఎప్పటి నుంచి? ఎక్కడ? అంతకు ముందు ఏం జరిగింది? ఈ మూడూ అడగకుండా బోల్టు విప్పినవాణ్ని ఆయన ఆ పూట కారు ముట్టుకోనిచ్చేవాడు కాదు. కొత్తగా పనిలోకి వచ్చినవాళ్లు స్కానర్ తగిలించే ముందు కూడా ఈ మూడు అడగండి. స్కానర్ మీకు ఏ వీధిలో గొడవ జరుగుతోందో చెబుతుంది. ఎవరు చేస్తున్నారో చెప్పదు.

సిరిసిల్లలో తిన్న దెబ్బ

రెండోవాడు సిరిసిల్ల నేతగాడు వెంకటేశం. సాంచాలు ఆగిపోయిన రోజులవి. సాంచాలంటే మా వైపు మరమగ్గాలు. ఆయన వీధిలో సగం మంది మగ్గాల పనికి మహారాష్ట్రలోని భీవండికి వెళ్లిపోయారు. ఆయన వెళ్లకుండా, గుడ్డ తాన్లు దుకాణాలకు చేర్చే పని పెట్టుకుని ఒక పాత వ్యాన్ కొన్నాడు. దాంట్లో ఇంజన్ బుగ్గ వెలిగింది. నేను అప్పుడే స్కానర్ కొన్న గర్వంలో ఉన్నాను. తగిలిస్తే పొగగొట్టం సెన్సర్ పేరు చూపించింది. అడగలేదు, చూడలేదు, సెన్సర్ మార్చేశాను. మూడో రోజు బుగ్గ మళ్లీ వెలిగింది. మళ్లీ మార్చాను. ఐదో రోజు మళ్లీ వెలిగింది.

ఆయన వచ్చి కోప్పడతాడనుకున్నాను. కోప్పడి ఉంటే నేనూ రెండు మాటలు అనేవాణ్ని, లెక్క సరిపోయేది. ఆయన నింపాదిగా బల్ల మీద కూర్చున్నాడు.

"ఎల్లన్నా, సాంచ ఆగితె నేను దారం ఏడ తెగిందో దేవులాడ్త. సాంచనే మార్వ. మీ దాంట్ల గట్ల ఉండదా?"

ఆ మాట అన్నం తింటున్నప్పుడు కూడా వినిపించేది. చివరికి దొరికింది ఒక చిన్న రబ్బరు గొట్టానికి పగులు. అక్కడ నుంచి ఇంజన్‌లోకి దొంగగాలి పోతోంది. సెన్సర్ పాపం ఉన్న సంగతే చెప్పింది. నేను రెండుసార్లు కబురు తెచ్చినవాణ్ని పట్టి శిక్షించాను.

నా మీద పడ్డ మాటలన్నీ నాకు గుర్తుంటాయి. వాటిలో నాకు తగినవి ఏవని అడిగితే మాత్రం ముందు ఇదే చెబుతాను.

నాలుగోవాడిగా నేను

ఇక మల్లేశం. సొంతూరు ముత్యంపేట వైపు. తాటిచెట్లు గీసే కుటుంబం. తండ్రి చెట్టు మీది నుంచి పడి నడుం పోగొట్టుకున్నాక, ఈయన ఆ పనిలోకి పోకుండా ఇరవై రెండేళ్లకు గల్ఫ్ పోయాడు. పదకొండేళ్లు నీళ్ల ట్యాంకర్ నడిపాడు. ఎనిమిదేళ్ల బిడ్డతో ఒకే ఇంట్లో ఉన్న రోజులన్నీ కలిపినా ఏడాది కాదు. చివరికి తిరిగి వచ్చి, కిరాయికి తిప్పుకోవడానికి ఒక పాత కారు కొన్నాడు. అది చేతులు మారి వచ్చిన పెట్రోల్ కారు. కొన్న రోజు బుగ్గ లేదు. రెండు నెలలకు మొదలైంది.

ఇక్కడ ఒక మాట. పాత కారు కొనేటప్పుడు బుగ్గ వెలగడం లేదని సంబరపడొద్దు. తాళం తిప్పగానే, ఇంజన్ స్టార్ట్ కాకముందు, ఆ బుగ్గ ఒకసారి వెలిగి ఆరాలి. అసలే వెలగకపోతే అమ్మేవాడు దాన్ని పీకేశాడని అర్థం. అలాంటి కార్లు నేను చాలా చూశాను. అమ్మినవాళ్ల ముఖాలు కూడా గుర్తున్నాయి. మల్లేశం కారులో అది సరిగానే వెలిగి ఆరేది. ఆ విషయంలో మోసం లేదు.

అతను నా దగ్గరికి వచ్చేసరికి ముగ్గురు మెకానిక్కులు అయిపోయారు. కోరుట్లలో ఉండి, నా షెడ్డు ముందు నుంచి రోజూ వెళ్తూ, నాలుగోవాడిగా నా దగ్గరికి వచ్చాడు. ఎందుకని అడిగాను.

"నువ్వు తిడ్తవని జెప్పిండ్రన్నా," అన్నాడు.

ఎవరు చెప్పారో కూడా అడిగాను. చెప్పలేదు. ఇప్పటికీ తెలుసుకోవాలనే ఉంది.

ఆ రోజు శనివారం. వెంట భార్య పద్మ వచ్చింది. ఆయన కారు సంగతి మొదలుపెట్టకముందే ఆమె అందుకుంది.

"అన్నా, గీ బుగ్గ ఆరుతదా, ఆరదా? ఒక్క మాట జెప్పు. ఆరదంటె ఈయన శుక్రారం ఇమానం ఎక్కుతడు. ఆరుతదంటె నేను గా టికెట్ చింపేస్త."

"టికెట్ ఫోన్ల ఉంటదే. చింపుడేంది?" అన్నాడు మల్లేశం.

"అయితె ఫోన్ పలగ్గొడ్త."

ఏజెంట్ వీసా తెచ్చి పెట్టాడు. గురువారం సాయంత్రంలోగా పాస్‌పోర్ట్ ఇవ్వాలి. శుక్రవారం ప్రయాణం. మల్లేశానికి వెళ్లాలని లేదు. ఉండాలన్న ధైర్యమూ లేదు. దానికి కారణం అంతకు ముందు మంగళవారం జరిగింది. జగిత్యాలలో డయాలసిస్ చేయించుకుని వస్తున్న ఒక ముసలమ్మను ఎక్కించుకుని వస్తుంటే, మేడిపల్లి దగ్గర కారు కుదుపులు పడి ఆగిపోయింది. ఎండలో గంటసేపు. చివరికి ఆమెను చేతుల మీద మోసుకెళ్లి ఆటోలో కూర్చోబెట్టాడు.

"గా అవ్వ నన్ను ఏమనలేదన్నా. అంటెనన్న మంచిగుండు. మనుషులను కూసోవెట్టుకొని గిసుంటి బండి నడుపుడు నాతోని కాదు."

ఆ మాటతో అతని మీద నాకున్న కోపం సగం పోయింది. మిగతా సగం ఉంచుకున్నాను.

ఏ రోజు వెలుగుతుంది?

స్కానర్ తగిలించాను. ఇంజన్ లోపల వాల్వులు తెరిచే ఇరుసు ఎప్పుడు ఎక్కడ తిరుగుతోందో చెప్పే సెన్సర్ ఒకటి ఉంటుంది. దాని కబురు అప్పుడప్పుడు తెగిపోతోందని చూపించింది. ఆ సెన్సర్‌ను ముందరివాళ్లు అప్పటికే రెండుసార్లు మార్చారు. మూడోవాళ్లు, కరీంనగర్‌లో అద్దాల గోడల పెద్ద గ్యారేజీ, ఇంజన్ కంప్యూటరే మార్చాలని తేల్చారు. అది మల్లేశం వల్ల అయ్యేది కాదు.

వాళ్లు ఏమేం పరీక్ష చేశారో తెలుసుకుందామని ఫోన్ చేశాను. మేనేజర్ ఎత్తాడు.

"మీరు షెడ్డు వాళ్లు కదా. చెప్పినా మీకు అర్థం కాదు," అని పెట్టేశాడు.

ఆ కాల్ పదకొండు సెకన్లు నడిచింది. ఫోన్‌లో చూసుకున్నాను.

వైర్లు కదిపి చూశాను. కింది వైపు కనెక్టర్లు విప్పి తుడిచాను. ఊరవతల దాకా నడిపాను. కారు పెళ్లికొడుకులా పోయింది. బుగ్గ లేదు, కుదుపు లేదు. నేను చేసిన తప్పు ఇక్కడే. దొరకలేదని ఒప్పుకోవడానికి మనసొప్పక, "బుగ్గ వెలిగినప్పుడు తీసుకురా" అన్నాను. మెకానిక్ ఎప్పుడూ అనకూడని మాట అది.

పద్మ ఊరుకోలేదు.

"బుగ్గ ఉన్నప్పుడు తెద్దామంటె కారు రాదు. కారు వచ్చినప్పుడు తెస్తె బుగ్గ లేదంటవు. మేము ఏం జెయ్యాలన్నా, బుగ్గను సంచిల ఏసుకొని తేవాల్నా?"

ఖాదర్ సాబ్ బతికి ఉంటే ఆమెను పనిలో పెట్టుకునేవాడు. నేను పానా పక్కన పెట్టి, అప్పుడు అడిగాను. ఎప్పుడెప్పుడు వెలిగిందో గుర్తు చేసుకోమన్నాను. మల్లేశం తల గోక్కున్నాడు. గుర్తున్నది పద్మకు.

"మంగళారం. పొద్దుగాల బిడ్డను బడికి దింపనీకి పోతడు, ముఖం మాడ్చుకొని అస్తడు. బేస్తారం దాకా తిప్పలు వెడ్తది. మల్ల అదే ఆరుతది."

"ప్రతి వారమా? మంగళారం నుంచి గురువారం దాకా?"

"వేములాడ కిరాయి ఉన్న వారమల్ల అంతే. సోమారం పోతడు గదా."

దూరం నడిపితే వేడెక్కి అలా అవుతోందేమోనని ముందరివాళ్లు అన్నారట. కానీ హైదరాబాద్ వెళ్లి వచ్చిన వారం బుగ్గ రాలేదు. వేములవాడ అంతకంటే చాలా దగ్గర. వేడి కాదు. మరి సోమవారం అక్కడ ఏం జరుగుతోంది? మల్లేశాన్ని అడిగాను.

"ఏం లేదన్నా. పోతం, దర్శనం జేసుకుంటరు, అస్తం. గంతే."

అబద్ధం కాదు. అతనికి అది ఏమీ కాదు. రోజూ చేసే పని ఎవరికీ ఘటనలా కనిపించదు. డ్రైవర్ "ఏం లేదు" అన్నప్పుడు అతని పక్కన కూర్చుని చూడాలి. ఎల్లుండి సోమవారం నేనూ వస్తానన్నాను.

వేములవాడ ప్రయాణం

పొద్దున్నే బయల్దేరాం. వెనక ముగ్గురు భక్తులు, ముందు నేను. ఒక సంగతి చెప్పాలి. కార్లున్నవాళ్లు చాలామంది నన్ను సీట్లో కూర్చోబెట్టే ముందు పేపరు పరిచేవారు. చేతికి గ్రీజు ఉన్నప్పుడు పరిస్తే న్యాయమే. స్నానం చేసి ఉతికిన బట్టలతో వెళ్లిన రోజు కూడా పరిచారు. అది గ్రీజు కోసం కాదని, నేను ఏ వాడ నుంచి వచ్చానో తెలిసి పరిచారని నాకు తెలుసు. మల్లేశం పరచలేదు. పైగా కండువాతో సీటు దులిపి, "కూసో అన్నా" అన్నాడు. మిగిలిన ఆ సగం కోపం కూడా అక్కడే పోయింది.

వేములవాడ చేరగానే భక్తులు దర్శనానికి వెళ్లారు. మల్లేశం కారును నేరుగా వాటర్ సర్వీసింగ్‌కు తీసుకెళ్లి కడిగించాడు. తర్వాత ఒక పక్కకు ఆపి, పెద్ద బంతిపూల దండ కొని, బానెట్ మీద వేసి రెండు కొసలూ వైపర్లకు కట్టాడు. పసుపు కుంకుమ పెట్టాడు. అక్షింతలు చల్లాడు. కొబ్బరికాయ కొట్టి, రెండు చిప్పలూ చేతిలో పట్టుకుని, ఆ నీళ్లు ముందు అద్దం మీద గుండ్రంగా తిప్పి పోశాడు. కళ్లు మూసుకుని దండం పెట్టాడు. ఇంకో కాయ తీశాడు. తర్వాత మూడోది.

"మూడెందుకురా?"

"మొదలు ఒక్కటే కొట్టేటోన్నన్నా. గీ బుగ్గ ఎలుగవట్టినకాడికెల్లి రెండు జేసిన. మంగళారం అవ్వను మోసుకపోయినంక మూడు అనుకున్న. ఎవని దిష్టో ఏమో, పోతలేదు."

నేను నవ్వలేదు. అద్దం మీది నుంచి జారిన నీళ్లు ఎటు పోతున్నాయో చూస్తున్నాను. వైపర్ల కింద నల్లటి ప్లాస్టిక్ జాలీ ఉంటుంది. వాన నీళ్లు దాంట్లోకి దిగి, రెండు పక్కలా ఉన్న రంధ్రాల నుంచి చక్రాల వెనక నేల మీద పడాలి. నేల పొడిగా ఉంది. కారు కడిగిన నీళ్లు, మూడు కాయల నీళ్లు లోపలికి పోయాయి, ఒక్క చుక్క బయటికి రాలేదు.

బానెట్ ఎత్తి తల దూర్చాను. పూలమ్మే ఆమె చూసి అరిచింది.

"ఓ పెద్దాయనా! దేవుడు గుళ్ల ఉన్నడు, బానెట్ కింద లేడు!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నవ్వినవాళ్లలో మల్లేశం కూడా ఉన్నాడు. అది నేను గమనించాను. కానీ తల బయటికి తీయలేదు. ఇంజన్ వెనక గోడ మీది నుంచి, జాలీ అంచు దాటి, ఒక చుక్క జారింది. కాసేపటికి ఇంకో చుక్క. రెండూ ఒకే చోట పడ్డాయి, సెన్సర్ తీగలు కలిసే కనెక్టర్ మీద. శనివారం నేను కిందివి విప్పి తుడిచాను. చేతికి అందని ఆ పైదాన్ని చూడనే లేదు.

అప్పటికి మల్లేశానికి ఏమీ చెప్పలేదు. అనుమానాన్ని నిజమని చెప్పేస్తే అది వెంకటేశం వ్యాన్ కథే అవుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. చాలా కార్లలో తప్పు ఒక్కసారి కనిపిస్తే బుగ్గ వెలగదు. ఇంజన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేసిన తర్వాత రెండోసారి కూడా కనిపిస్తేనే వెలుగుతుంది. మల్లేశం సోమవారం ఎక్కడా ఆగకుండా ఇంటికి వచ్చేస్తాడు. మళ్లీ తాళం తిప్పేది మంగళవారం పొద్దున. అందుకే బుగ్గ మంగళవారమే వెలిగేది.

తిరిగి వచ్చేటప్పుడు రుద్రంగిలో చాయ్ తాగుదామన్నాను. ఇంజన్ ఆపించాను. కథలాపూర్‌లో మళ్లీ చాయ్ అన్నాను. వెనక కూర్చున్నవాళ్లు విసుక్కున్నారు.

"ఏంది, గీ ముసలాయన చాయ్ తాగనీకే వచ్చిండా?" అన్నాడు ఒకడు, నాకు వినబడేలాగే.

కథలాపూర్ దాటి రెండు కిలోమీటర్లు కూడా పోలేదు. కారు ఒక్కసారి కుదిపింది. డ్యాష్‌బోర్డు మీద పసుపుపచ్చ ఇంజన్ బొమ్మ వెలిగింది.

"అచ్చింది!" అని చప్పట్లు కొట్టాను.

మల్లేశం నా వైపు చూసిన చూపు రాయలేను. "ఏందన్నా, నా కొంప మునుగుతుంటె నీకు పెండ్లి లెక్క ఉన్నదా?"

జాలీ కింద

మంగళవారం పొద్దున షెడ్డులో వైపర్లు విప్పి, ఆ నల్ల జాలీని పైకి ఎత్తాను. మల్లేశం, పద్మ ఇద్దరూ పక్కనే ఉన్నారు. లోపల రెండు అంగుళాల మందాన కుళ్లిన బంతిరేకులు, అక్షింతలు, పసుపు ముద్ద. రెండు రంధ్రాలూ బిరడా బిగించినట్టు మూసుకుపోయాయి. మీదంతా జిగట నీళ్లు. ఒక మూల, ఎండ తగలక తెల్లగా పాలిపోయిన రెండు బంతి మొలకలు కూడా లేచాయి. కింద కనెక్టర్ విప్పితే పిన్నులు పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి. ఉత్త వాన నీళ్లకు అంత త్వరగా అలా కాదు. కొబ్బరినీళ్లలో ఉప్పూ తీపీ ఉంటాయి. తడిగా ఉన్నంతసేపు కబురు తెగుతుంది, రెండు మూడు రోజులకు ఎండితే మళ్లీ కలుస్తుంది. ముగ్గురు మెకానిక్కులూ చూసేసరికి ఎండిపోయి ఉండేది. శనివారం నాకూ అంతే.

మల్లేశం ఆ పూల ముద్దను వేలితో కదిపి చూశాడు.

"అంటె… నేను దేవునికి కొట్టిన కాయనే నన్ను ఆపిందా?"

ఇలాంటి చోట మెకానిక్ నోరు జాగ్రత్తగా వాడాలి. నవ్వితే ఆ మనిషిని పోగొట్టుకుంటాం. వదిలేస్తే కారును పోగొట్టుకుంటాం.

"కాయ ఆపలేదురా. కాయ దేవునికి పోయింది. నీళ్లే తొవ్వ తప్పి తీగెలకు పోయినయ్," అన్నాను.

పద్మ తేల్చేసింది. "ఇగ కాయ టైరు ముంగట కొట్టు. నీళ్లు భూదేవి తాగుతది. ఆమె గూడ దేవతనే."

"దండ?"

"దండ మెడకు ఏస్తరు గాని ముక్కుకు ఏస్తరా? ముంగట బంపర్‌కు కట్టు."

మూసుకుపోయిన రంధ్రాలు శుభ్రం చేశాను. చిలుం పట్టిన మేర తీగలు కోసి, కొత్త కనెక్టర్ వేసి, తడి చేరకుండా గ్రీజు పూశాను. దాని మీద పాత ట్యూబు ముక్కను గొడుగులా బిగించాను. ఇంజన్ కంప్యూటర్‌కు ఏ రోగమూ లేదు.

కరీంనగర్ గ్యారేజీకి మళ్లీ ఫోన్ చేశాను. తప్పు ఎక్కడుందో చెబుదామని కొంత, నేను షెడ్డువాణ్నని గుర్తు చేద్దామని కొంత. రెండో కారణమే పెద్దది. మేనేజర్ "సరే సరే" అని పెట్టేశాడు. కానీ పావుగంటకు ఇంకో నంబరు నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ పనిచేసే కుర్ర మెకానిక్.

"అన్నా, మేనేజర్ ముంగట అడుగలేకపోయిన. గా నీళ్లు పొయ్యే రంధ్రం ఏడుంటది? మా దగ్గరికి గిసుంటియే ఇంక రెండు కార్లు అస్తున్నయ్."

అతనికి అంతా వివరంగా చెప్పాను. ఆ కాల్ ఎంతసేపు నడిచిందో చూసుకోలేదు. కంప్యూటర్ వచ్చాక పని నేర్చుకునేవాళ్లు లేరని మా తరంవాళ్లు అంటుంటారు. నేనూ అనేవాణ్ని. అడిగేవాళ్లు ఉన్నారు. అడగనిచ్చే మేనేజర్లే తక్కువ.

గురువారం దాకా

బాగు చేసినంత మాత్రాన అయిపోదు. బాగైందని చూపించాలి. బుగ్గను స్కానర్‌తో చెరిపేసి "ఆరింది, పో" అనడం చాలామంది చేసే పని. చెరిపితే ఎవరికైనా ఆరుతుంది. మల్లేశానికి కావలసింది ఆరిన బుగ్గ కాదు. మళ్లీ మనుషులను కూర్చోబెట్టుకునే ధైర్యం.

బుధవారం అద్దం మీద నాలుగు బకెట్ల నీళ్లు పోశాం. రెండు చక్రాల వెనకా ధారగా నేల మీద పడ్డాయి. జగిత్యాల దాకా వెళ్లి వచ్చాం. దారిలో ఆరుసార్లు ఆపి స్టార్ట్ చేయించాను. మేడిపల్లి దగ్గర కూడా ఆపించాను. అవ్వతో ఆగిపోయిన చోటే. తాళం తిప్పాడు. ఇంజన్ అందుకుంది. బుగ్గ రాలేదు. గురువారం పొద్దున నేనే మూడు కాయలు కొట్టి, కావాలని ఆ నీళ్లు అద్దం మీదే పోశాను. మళ్లీ నడిపాం. రాలేదు.

మధ్యాహ్నం షెడ్డు ముందు కారు ఆపాడు. పద్మ బడి నుంచి బిడ్డను తీసుకుని వచ్చి నిలబడింది.

"గ్యారంటీ ఉన్నదా అన్నా?" అని అడిగాడు.

"లేదు. పాత బండి, రేపు ఇంకోటి పోవచ్చు. ఇది ఎందుకు వచ్చిందో చూపించిన. పోయిందని చూపించిన. రేపు ఇంకోటొస్తె అది గూడ ఇద్దరం కలిసి దేవులాడుదాం. గంతకు మించి నేను జెప్పలేను."

  మల్లేశం ఫోన్ మోగింది. ఏజెంట్. అతను కారులోనే కూర్చుని, స్టీరింగ్ మీద చెయ్యి వేసి మాట్లాడాడు.

"అన్నా, నేను అస్తలేను. పాస్‌పోర్ట్ నా దగ్గర్నే ఉంటది."

అవతల అరుపులు నా దాకా వినిపించాయి. మల్లేశం ఫోన్‌ను చెవికి కొంచెం దూరంగా పట్టుకుని, అన్నీ విన్నాడు. "గంతేనన్నా, ఉంట" అని పెట్టేశాడు. బిడ్డ వెనక తలుపు తీసుకుని ఎక్కి కూర్చుంది. ఎవరూ ఎక్కమనలేదు.

 మల్లేశం దిగి, కారు వెనక్కి వెళ్లి, అద్దాన్ని కండువాతో తుడిచాడు. నా షెడ్డు పక్కన అక్షరాలు కోసి అంటించే స్టిక్కర్ దుకాణం ఉంది.

"అన్నా, కారు కిరాయికి ఇయ్యబడును అని రాపిస్త. కింద ఫోన్ నంబర్. ఎంతసేపట్ల జేస్తడు?"

కొన్నప్పటి నుంచి ఆ అద్దం మీద అక్షరం లేదు. ఎందుకు లేదో నేను అడగలేదు. మళ్లీ పోవాలేమో అనుకునేవాడు అద్దం మీద నంబరు రాయించుకోడు.

దుకాణంవాణ్ని పిలిచాను. వాడు కాగితం, పెన్ను తీసి నంబరు చెప్పమన్నాడు. మల్లేశం మొదటి నాలుగు అంకెలు చెప్పాడో లేదో, పద్మ అడ్డం వచ్చింది.

"ఆయనది వద్దన్నా, బండి నడిపేటప్పుడు ఎత్తడు. నాది రాయి," అని, ఒక్కొక్క అంకె గట్టిగా చెప్పడం మొదలుపెట్టింది.